తొమ్మిదో సవరణ

ఫిబ్రవరి 3

రాజధాని గాంధీనగర్ నుంచి సర్క్యులర్ వచ్చింది. బోర్డుల మీద, ఉద్యోగ నియామకాల మీద ఉన్న రాష్ట్ర చట్టాల్లో మాటల తప్పులన్నీ ఒకే బిల్లుతో దిద్దుతారట. మాట మారాలి, అర్థం మారకూడదు. ప్రతి బోర్డూ తన చట్టంలోని తప్పుల జాబితా వారం పది రోజుల్లో పంపాలి. మా సెక్రటరీ దేశాయి సాహెబ్ ఆ పని నా మీద పడేశారు. జమునాబెన్ ఉండగా నాకేం దిగులు అన్నారు.

మాది మరమగ్గాల కార్మికుల బోర్డు. చట్టం కాపీ ఆఫీసులో ఒక్కటే, పచ్చ అట్ట పుస్తకం. సవరణ వచ్చినప్పుడల్లా అచ్చు చీటీ కత్తిరించి పాత వాక్యం మీద అంటిస్తాం. ఆ తర్వాత ఆ పుస్తకమే అందరికీ ప్రమాణం. గెజెట్ ఎవరూ తియ్యరు. ఆరేళ్ళ క్రితం నేను చేరిన మొదటి వారంలో చేసిన పని చీటీలు అంటించడమే.

ఫిబ్రవరి 5, ఉదయం 11

గెజెట్ పక్కన పెట్టుకుని చదువుతున్నాను. పద్నాలుగో సెక్షన్. నియామక కమిటీలో ముగ్గురు చాలు అంటోంది నేను అంటించిన చీటీ. గెజెట్‌లో ఐదుగురు. ఐదో మనిషి మగ్గం నడిపే కార్మికుడే అయ్యుండాలి.

ఆ చీటీ మాది కాదు. వేరే బోర్డుది. ఆ రోజు నా టేబుల్ మీద రెండు బోర్డుల పచ్చ పుస్తకాలున్నాయి, వాళ్ళ చీటీ మా దాంట్లో అంటించాను.

ఫిబ్రవరి 5, మధ్యాహ్నం 3

మూడేళ్ళ క్రితం ముగ్గురే కూర్చుని నలుగురు అటెండర్లను తీసుకున్నారు. ఆ నియామకాలు చెల్లవు. ఆ నలుగురిలో లింగవ్వత్త ఉంది. టిఫిన్ బాక్స్ తెరవలేదు.

ఫిబ్రవరి 6

లింగవ్వత్త టీ తెచ్చింది. బమ్రోలిలో మేముండే తెలుగువాళ్ళ గల్లీయే తనది, వరసకు అత్త. మామ పోయాక పర్వత్ పాటియా బట్టల దుకాణాల్లో చీరలు మడతపెట్టి బతికింది. ఈ ఉద్యోగానికి ఫారం నింపిపెట్టింది నేనే. ఏంది బిడ్డా, మొఖం గట్ల గుంజుకపోయింది, జొరమా అని మెడ మీద చెయ్యి పెట్టి చూసింది. ఆ చెయ్యి తియ్యకపోతే ఏడ్చేసేదాన్ని.

ఫిబ్రవరి 8

ఒక దారి ఉంది. జాబితాలో ఒక్క లైను. ఐదుగురు అన్నది పొరపాటు, ముగ్గురు అని ఉండాలి. బిల్లు పాసైతే నా తప్పే చట్టమవుతుంది. మొదటి నుంచీ అచ్చు తప్పే అనుకుంటారు కాబట్టి పాత నియామకాల జోలికి ఎవరూ రారు.

కార్మికుడి కుర్చీ మాత్రం పోతుంది. మా నాన్న ముప్పై ఏళ్ళు మగ్గం నడిపాడు. దాని గురించి ఆలోచించదలుచుకోలేదు.

ఫిబ్రవరి 10

పదకొండు సవరణలు టైప్ చేశాను. తొమ్మిదోది నాది. సాహెబ్ చదవకుండా సంతకం పెట్టారు. నన్ను అంతగా నమ్మినందుకు ఆయన మీద కోపం వచ్చింది.

ఫిబ్రవరి 11

కవరు స్పీడ్ పోస్ట్ చెయ్యమని లింగవ్వత్త చేతికే ఇచ్చారు. సంచిలో పెట్టుకుని గేటు దాటింది. నా వల్ల కాలేదు. పరుగెత్తాను. ఉధ్నా బస్సు ఎక్కబోతుంటే పట్టుకున్నాను. అక్కడే నిలబడి అంతా చెప్పాను. పంపించెయ్యి బిడ్డా అంటుందని ఆశపడ్డాను, ఒప్పుకుంటున్నాను.

బస్సు వదిలేసింది. సంచిలోంచి కవరు బయటికి తీసింది. తర్వాత, గా ఐదో ఆయన ఉంటే నన్ను వద్దంటుండెనా అని అడిగింది. ఎందుకంటడు అత్తా, మనోడే కదా అన్నాను. మరి గాయన్నెందుకు తీసేస్తున్నవ్ అంది. నౌకరి పోతదేమోనని నాకూ బుగులైతున్నది గని గిది వద్దు అని కవరు నా చేతిలో పెట్టింది.

ఫిబ్రవరి 12

చెప్పేశాను. సాహెబ్ ముఖం పాలిపోయింది. జాబితా కింద ఆయన సంతకం ఉంది కదా. ఆయన కూడా భయపడతారని నాకు ఇంతవరకూ తెలియదు. జరిగిందంతా నా చేత రాయించుకున్నారు. పది సవరణలు వెళ్ళాయి. నలుగురి సంగతి వేరే ఉత్తరంలో వెళ్ళింది.

మార్చి 4

ఏమీ రాలేదు.

మార్చి 11

ఫోన్ మోగితే గాంధీనగరేమో అని అందరికంటే ముందు నేనే ఎత్తుతున్నాను.

మార్చి 26

బిల్లు పాసైంది. పద్నాలుగో సెక్షన్‌లో ఐదుగురు అలాగే ఉన్నారు. ఉత్తరం కూడా వచ్చింది. నలుగురికీ పూర్తి కమిటీ ముందు మళ్ళీ ఇంటర్వ్యూ. నెగ్గితే ఉంటారు, లేకపోతే ఇంటికే. నా మీద విచారణ ఆ తర్వాత.

లింగవ్వత్తకు చదివి వినిపించాను. ఏమడుగుతరు బిడ్డా అంది. తెలియదన్నాను. యాభై నాలుగేళ్ళ మనిషి, పిల్లలా నా వైపు చూసింది. నాకు తల ఎత్తే ధైర్యం లేకపోయింది.

ఏప్రిల్ 7, ఉదయం 11:40

ఐదు కుర్చీలు నేనే వేశాను. ఐదో ఆయన షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు, జుట్టులో నూలు పోగులున్నాయి. లింగవ్వత్త ఐదుగురికీ టీ ఇచ్చింది. ఖాళీ ట్రే తెచ్చి నా చేతికిచ్చి, కొంగు సర్దుకుని, మళ్ళీ లోపలికి వెళ్ళి వాళ్ళ ముందు నిలబడింది.

తలుపు నేనే మూశాను. ట్రే ఒళ్ళో పెట్టుకుని దాని మీదే రాస్తున్నాను. తలుపు ఇంకా తెరుచుకోలేదు.