లైట్‌హౌసు ఎక్కి వచ్చాను, మావా

మావకి,

రాయించేది నేను, అందరూ గంటమ్మ అని పిలిచేదాన్ని. గొంతు అలాంటిది, ఏం చెయ్యను. వయసు డెబ్బై ఒకటని మన కొడుకు లెక్క, నా మోకాళ్ల లెక్క ఇంకా ఎక్కువ. ఇంట్లో మనుషులం నలుగురం: లారీ దిగి పన్నెండేళ్లయినా వీధిలో పోయే ప్రతి బండికీ కుర్చీలోంచే గేరు మార్చే నా మొగుడివి నువ్వు, బట్టలు కుట్టే కొడుకు, నోట్లోంచి మాట బయటికి రాని కోడలు, నేను. రాసిపెడుతున్నది ఈ హాస్టల్లో నా పై మంచం మీద పడుకునే నర్సమ్మ. ఆసుపత్రి డ్యూటీకి సెలవు పెట్టి ఊళ్లు చూడటానికి వచ్చింది. చెప్పింది చెప్పినట్టు రాయాలని ఒట్టు వేయించుకున్నాను. తిట్లు మాత్రం రెండు తగ్గించిందట.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు నన్ను పూర్తిగా మాట్లాడనిచ్చింది ఎప్పుడు? మొన్న హాస్టల్ ఫోనుకి చేసి, "నెలాఖరులోగా ఇంటికి రాకపోతే ఇక రానక్కర్లేదు" అని ఠక్కున పెట్టేశావు. ఉత్తరాన్ని అలా పెట్టెయ్యలేవు. కళ్లజోడు తుడుచుకుని చివరిదాకా చదవాల్సిందే.

చెప్పకుండా పోయానని కదా నీ ఫిర్యాదు. చెప్పే పోయాను, చెప్పినప్పుడు నువ్వు నవ్వావు. ఇరవై ఏళ్లు ఈ రేవుకి లారీ నడిపావు. ఇంటికొచ్చిన ప్రతిసారీ కాళ్లు కడుక్కుంటూ ఒకటే కబుర్లు. రేవులో లైట్‌హౌసు, నూట పన్నెండు మెట్లు, పైకెక్కితే నీళ్లల్లో పడుకున్న గేదెలాగా ఒక దీవి. "బండి దిగాక నిన్ను తీసుకెళ్తానే" అన్నావు. బండి దిగావు, కుర్చీ ఎక్కావు. చివరికి నేను గట్టిగా అడిగితే వచ్చిన చుట్టాల ముందు ఏమన్నావు? "బస్సు మీద బోర్డు చదవలేనిది, దీనికి సముద్రం కావాలట." అందరూ నవ్వారు. నేను ఆ పూటంతా నోరెత్తలేదు. నేను నోరెత్తలేదంటే ఎంత దెబ్బ తగిలిందో నీకు తెలియాలి. తెలియలేదు. అందుకే కొడుకు చేత నా భుజాల కొలతకి వీపుసంచి కుట్టించుకుని బయల్దేరాను.

పద్దెనిమిది రోజుల్లో నాలుగు ఊళ్లు తిరిగాను. తప్పిపోలేదు. చదువు లేకపోతేనేం, నోరుంది. బస్సు ఎక్కేముందు ముగ్గుర్ని అడుగుతాను, ఇద్దరు ఒకే మాట చెబితే ఎక్కుతాను. దిగేవన్నీ చవక హాస్టళ్లే. గదికి ఎనిమిది మంచాలు, ఒకదాని మీద ఒకటి. ప్రతి మంచానికీ ఒక తెర, ఒక చిన్న దీపం, సామానుకి ఇనప పెట్టె. నీ గురక లేదు, అందరివీ కొత్త గురకలు.

ఒక్క తప్పు చేశాను, దాచను. వంటగది ఫ్రిజ్‌లో ఎవరి సరుకు మీద వాళ్లు పేరు చీటీ అంటించుకుంటారట. నేనేమో కొట్టువాళ్లు అంటించినవనుకున్నాను. ఎనిమిది మంది కూరగాయలూ ఒకే గిన్నెలో వేసి వండేశాను. ఒక పిల్ల వచ్చి, "బామ్మా, అందులో నా క్యారెట్లున్నాయి" అంది. "నీ క్యారెట్లు నీ కంచంలోకే వస్తాయి, కూర్చో" అన్నాను. అందరూ కూర్చున్నారు. మర్నాటి నుంచి చీటీలు అంటించడం మానేశారు.

కాబట్టి నెలాఖరుకి నేను రాను. రేపు నీ లైట్‌హౌసు ఎక్కుతాను. అసలు నీతో ఒకే కప్పు కింద ఉండాలా వద్దా అన్నది ఆ తర్వాత ఆలోచిస్తాను.

కోపంతో,
గంటమ్మ


మావా,

పై ఉత్తరం పోస్టు చెయ్యలేదు. చింపేద్దామంది నర్సమ్మ. అందులో అబద్ధం లేదు కాబట్టి చింపనివ్వలేదు. రెండూ ఒకే కవర్లో వస్తాయి.

లైట్‌హౌసు ఎక్కి వచ్చాను. నర్సమ్మ లెక్కపెట్టింది, నూట పన్నెండు మెట్లే. కానీ మావా, ఆఖర్న ఇనప నిచ్చెన ఉంది, ఆ మాట నువ్వెప్పుడూ చెప్పలేదు. చెప్పులతో టకటకా ఎక్కానన్నావు, కిందే చెప్పులు విప్పిస్తారు, ఎప్పటినుంచో అంతేనట. పైనుంచి చూస్తే దీవి గేదెలా లేదు, చెప్పులా ఉంది. కాపలాదారుని అడిగాను. "పడవలోంచి చూస్తేనే గేదెలా ఉంటుందమ్మా" అన్నాడు.

నా ఒళ్లు మండిపోయింది. ఎక్కనివాడు ఎక్కానన్నాడంటే ఆ రోజులన్నీ ఎక్కడ గడిపినట్టు? ఈ వయసులో రావాల్సిన అనుమానం కాదు, వచ్చింది. నర్సమ్మ చెయ్యి పట్టుకుని నేరుగా పోర్టు గేటుకి పోయాను. అక్కడ టీ కొట్టు ఆవిడ నా ఈడుదే. టీలో మొదటి గుక్క లారీ ముందు టైరు మీద పోసే డ్రైవరు ఒకడుండేవాడు, గుర్తున్నాడా అన్నాను.

"ఎందుకు గుర్తుండడు? మీకేమవుతాడు?"

"అది నువ్వు చెప్పేదాన్ని బట్టి ఉంటుంది" అన్నాను. నవ్వి స్టూలు వేసింది.

"సముద్రానికి ఎప్పుడెళ్లేవాడు?"

"ఎక్కడి సముద్రమమ్మా. గేటు బయట లారీల వరస కదులుతూనే ఉంటుంది. డ్రైవరు పక్కకి పోయాడంటే వెనక బండి ముందుకొచ్చేస్తుంది, వీడు మళ్లీ చివరికి పోవాలి. గేటు పక్క గోదాములో లోడు దింపగానే వెనక్కి తోలేస్తారు. అన్నేళ్లలో ఆయన ఈ గోడ దాటి అటు చూసింది లేదు. పడవవాళ్లు టీకి వస్తే మాత్రం వదిలేవాడు కాదు. మెట్లెన్ని, దీవి ఎలా ఉంటుంది, ఇసుక ఏ రంగు, అన్నీ కావాలి. నీకెందుకయ్యా అంటే, 'ఇంట్లో ఒకావిడ అడుగుతుంది, ఏమీ చూడలేదంటే మొహం చిన్నబుచ్చుకుంటుంది' అనేవాడు."

నర్సమ్మ మొహం అటు తిప్పుకుంది. నేను ఇంకో టీ ఇమ్మన్నాను.

మావా, అన్నీ నువ్వొక్కడివే చూసేసి నన్ను వదిలేశావని ఇన్నాళ్లూ కుళ్లుకున్నాను. నువ్వు కుర్చీలోంచి ఎందుకు లేవలేదో ఇప్పుడు తెలిసింది. నన్ను తీసుకొస్తే నీకూ దారి తెలియదని బయటపడుతుంది. అది కప్పిపుచ్చుకోవడానికి చుట్టాల ముందు నన్ను తక్కువ చేశావు. చెప్పిన కథలకి నీ మీద కోపం లేదు, అవి నాకోసం అడిగి తెచ్చినవి. ఆ ఒక్క మాటకి మాత్రం వచ్చి నా ఎదురుగా నిలబడి తప్పొప్పుకోవాలి. గడువు నేను పెడుతున్నాను, నెలాఖరు. నర్సమ్మ ఎల్లుండి వెళ్లిపోతుంది, కాబట్టి కింది మంచం నీకు. నేను పైకి ఎక్కగలను, నిచ్చెన ఎక్కి వచ్చినదాన్ని.

నిన్న మోకాళ్ల లోతు నీళ్లల్లో దిగాను. ఎలా ఉందో చెప్పను. ఇరవై ఏళ్లు నువ్వు పక్కవాళ్లని అడిగింది చాలు. వచ్చి చూడు.

నీ గంటమ్మ
ఎడమచేతి బొటనవేలి ముద్ర

సాక్షులు:
రాసిన నర్సమ్మ, సంతకం
పోర్టు గేటు టీ కొట్టు ఆవిడ, ఆవిడదీ వేలిముద్రే