పాటకూ పాటకూ నడుమ

1987 ఆగస్టు 16, ఇచ్చోడ

మళ్లీ అదే. పాటకూ పాటకూ నడుమ, పాడేవాళ్లు చాయ్ తాగే సందులో, నన్ను మైకు ముందుకు తోశాడు మాస్టరు. ఆర్కెస్ట్రా ఆయనది. మైకూ ఆయనదే.

"నత్తి పెండ్లికొడుకు ఐటం కొట్టు రా దానేలూ. జనం గదే అడుగుతుండ్రు."

కొట్టలేదు. మా కట్టెకోత మిల్లు గురించి చెప్పాను. రంపం తిరుగుతుంటే సేటు తిట్టే తిట్లు ఎవరికీ వినబడవు. మూతి ఒక్కటే కదులుతుంది. మేమంతా వంగి దండం పెడతాం, దీవిస్తున్నాడనుకుని. చివరికి ఆయనే సిగ్గుపడి చెయ్యెత్తి నిజంగానే దీవిస్తాడు.

మిల్లువాళ్లు నవ్వారు. మిగతా పెళ్లిపందిరి లడ్డూలు తిన్నది.

"నీ మిల్లు ఎవనికి గావాలె రా? పెండ్లికొచ్చినోడు నవ్వనీకొస్తడు, డ్యూటీ చెయ్యనీకి కాదు."

నత్తివాడు, నల్ల పెళ్లాం, చెవిటి అత్త. మాకు తెలిసిన హాస్యమంతా ఇంతే. థూ.

ఆగస్టు 17

నన్ను కన్న బాపుకే నత్తి. మాస్టరుకు తెలియదు. చెప్పను. చెబితే జాలిపడి మానేస్తాడు. నాకు జాలి అక్కర్లేదు. ఆ ఐటం దరిద్రంగా ఉందని ఆయనకు తెలియాలి.

ఆగస్టు 19

వాన. దుంగలన్నీ తడి. రంపం మొరాయిస్తోంది.

ఈ మోతలో మాట పనికిరాదు. రోజంతా సైగలే. ఎదుటివాడు నవ్వితే శబ్దం ఉండదు, భుజాలు ఊగుతాయి. నేను నేర్చుకున్నదంతా ఆ భుజాలు చూసే. మారుతి రంపానికి అటు పక్క, నా ఎదురుగా నిలబడి కోసిన చెక్క లాగుతాడు. ఇంట్లో మరాఠీ, బయట తెలుగు, రంపం దగ్గర రెండూ లేవు. వాడి భుజాలు ఊగాయంటే ఆ ముక్క స్టేజీకి పనికొస్తుంది. వాడిని మించిన పరీక్ష లేదు.

ఆగస్టు 21

అవ్వ, కన్నతల్లి గనక అడిగింది: "చర్చిల పాటలు పాడే నోరు. గా స్టేజీలెక్కి ఏం కూతలు కూస్తున్నవ్ రా?"

బాపు చెప్పుకు మేకు కొట్టుకుంటూ విన్నాడు.

ఆగస్టు 25

బడగ. నిన్న ఎడ్ల పండుగ, ఇవాళ పీడలను తరిమే పండుగ. తెల్లారకముందే ఊరంతా మోదుగు కొమ్మలు పట్టుకుని పొలిమేరకు. మారుతి నన్ను లాక్కుపోయాడు. అవ్వ చూడలేదనే అనుకుంటున్నా.

ఒకడు పీడ పేరు చెబుతాడు, అందరూ కలిసి "జాగేయ్" అని, పొమ్మని తరుముతారు.

"ఈగలు బోవాలె, దోమలు బోవాలె..."

"జాగేయ్!"

"దగ్గు బోవాలె, దమ్ము బోవాలె..."

"జాగేయ్!"

ఒక ముసలామె కొమ్మ ఊపుతూ ముందుకొచ్చింది. "నా మోకాళ్ల నొప్పి పోవాలె... పోయి పటేలు ఇంట్ల పండుకోవాలె!" పటేలు అక్కడే ఉన్నాడు. ఊరంతా ఆయన ముఖం వైపు. ఆయనా "జాగేయ్" అనాల్సి వచ్చింది!

మిల్లుకు పోయాక కూడా చెవిలో అదే. ఇన్నేళ్లు వెతుకుతున్నది కళ్ల ముందే ఉంది. పీడించేవాడిని పేరు పెట్టి పిలిచి, అతనితోనే నవ్వించొచ్చు.

ఆగస్టు 30

చేశాను. ఇచ్చోడలోనే, గణపతి మండపం ముందు.

"చెయ్యి ఎత్తినా ఆపని బస్సు డ్రైవరు..."

"జాగేయ్!"

"చాయ్‌కి పోతే సగం పూట కూలి కోసే మేస్త్రీ..."

"జాగేయ్!"

మేస్త్రీ వెనక వరసలో. అందరూ తిరిగి చూశారు. వాడూ అరిచాడు, చచ్చినట్టు. ఇక దిగిపోదామని "పాట నడుమల అడ్డం వచ్చే గీ జోకులోడు..." అన్నానో లేదో, మండపం లేచిపోయింది.

ఎవరినీ నొప్పించకుండా... కాదు, నొప్పించాల్సినవాళ్లనే నొప్పించి నవ్వించాను. మాస్టరు మెచ్చుకోలేదు. హార్మోనియం మూత వేస్తూ "కరీంనగర్ ప్రోగ్రాంకి రా" అన్నాడు. చాలు.

సెప్టెంబర్ 3, కరీంనగర్

రాయబుద్ధి కావడం లేదు. రాస్తాను.

పెద్ద స్టేజీ, రంగు లైట్లు. ముందు వరసలో కుర్చీలు. మైకు పట్టుకున్నాను.

"ఈగలు బోవాలె, దోమలు బోవాలె..."

ఆగాను. నిశ్శబ్దం. వినబడలేదేమోనని మళ్లీ అన్నాను, ఇంకా గట్టిగా. ముందు కుర్చీలో ఒకాయన పక్కాయనతో: "మలేరియా డిపార్ట్‌మెంటాయన ఉన్నట్టుండు."

దానికి నవ్వారు. బాగా నవ్వారు. అది నాది కాదు.

ఇక్కడ బడగ లేదట! గోదావరి దాటితే ఎవరికీ తెలియదట. నాకేం తెలుసు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను, లోకమంతా పీడలను అట్లాగే తరుముతుందనుకున్నాను. జవాబు వాళ్ల నోట్లోనే ఉంటుందని నమ్మి ఎదురుచూస్తూ నిలబడ్డాను, వెర్రివాడిలా.

మాస్టరు వచ్చి మైకు తీసుకున్నాడు. నత్తి పెండ్లికొడుకు ఆయనే కొట్టాడు. జనం కుర్చీల్లో దొర్లారు. నేను డ్రమ్ముల వెనక నిలబడి భుజాలు చూశాను. అన్నీ ఊగాయి.

సెప్టెంబర్ 4

వాపసు. లారీలో మాస్టరు బీడీ ఇచ్చాడు.

"తప్పు నీది గాదు రా. ఊరు నీది గాకపాయె."

కొంచెం దూరం పోయాక: "ఎల్లుండి నిర్మల్. నత్తి ఐటం చేస్తనంటె లారీ ఎక్కు. లేకుంటె ఇగ నీ తొవ్వ నీది. నేను పరేషాన్ గాలేను."

కోపం రావాలి. వచ్చింది, కానీ ఆయన మీద నిలవలేదు. ఇచ్చోడలో సగం పని ఊరే చేసిపెట్టింది, ఘనతంతా నాదనుకున్నాను. తెలియని వాళ్లను కూడా నవ్వించే మాట నా దగ్గర ఇంకా లేదు. ఆయన దగ్గర ఉంది. అదే కడుపుమంట.

సెప్టెంబర్ 5

మారుతిగాడు మా ఇంట్లో అంతా చెప్పేశాడు. నత్తి ఐటం సంగతితో సహా. వాడి నోట్లో రంపం పెట్టాలి.

పొద్దున బాపు పిలిచాడు. బాపు మాట్లాడితే చాలాసేపు పడుతుంది. ఎక్కడెక్కడ ఆగాడో నేను రాయను. ఆయన అన్నది మాత్రం రాస్తాను.

"గా మాస్టరు ఎట్ల జేస్తడు, జేసి సూపెట్టు."

చెయ్యలేను బాపూ అన్నాను. చెయ్యమన్నాడు. చేశాను. తల వంచుకుని, సగం దాకా. బాపు భుజాలు కదలలేదు.

"గిందుల నవ్వేముంది రా? నా పెండ్లిచూపులు ఇంతకన్న నయం. పిల్ల నచ్చిందా అని అడిగిండ్రు. మీ అవ్వ పేరు నాలిక మీద ఆగింది. వస్తలేదు. గా పిల్లనే అని ఏలు సూపెట్టిన. గప్పటికే మీ అవ్వ నీళ్లకు లోపలికి పోయింది. గా జాగల వాళ్ల పెద్దమ్మ నిలవడ్డది."

"ముసల్ది ఏమన్నదో గది గూడ చెప్పు," అంది అవ్వ పొయ్యి దగ్గర నుంచి.

"నాకేం అభ్యంతరం లేదన్నది."

ముగ్గురం నవ్వాం. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. ఇన్నేళ్లలో ఈ కథ నాకెవరూ చెప్పలేదు.

ఇది స్టేజీ మీద చెప్పుకోనా అని అడగబోయాను. బాపు అప్పటికే లేచి చొక్కా వెతుకుతున్నాడు. "రేపు నిర్మల్‌కు నేనూ వస్త. ముంగట కూసుంట."

చెప్పమనా? చెప్పొద్దనా?

సెప్టెంబర్ 6

లారీలో రాస్తున్నా, అక్షరాలు ఎగురుతున్నాయి. ఎక్కేటప్పుడు మాస్టరు నన్ను ఏమీ అడగలేదు. బాపును చూశాడు. "మా బాపు," అన్నాను. బాపు తన పేరు చెప్పడానికి పూనుకున్నాడు... మొదటి అక్షరం దగ్గరే ఆగింది. మాస్టరు ముఖం రంగు మారింది.

ఇప్పుడు ఇద్దరూ క్యాబిన్ వెనక, హార్మోనియం పెట్టెకు ఆనుకుని కూర్చున్నారు. బాపు ఏదో చెబుతున్నాడు. గాలికి నాకు వినబడడం లేదు. పెండ్లిచూపులేనా? ఒక మాట దగ్గర ఆగాడు. మాస్టరు ఆ మాట అందించబోయి నోరు తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు. ఎదురుచూస్తున్నాడు.

నిర్మల్ గుట్టలు కనబడుతున్నాయి. ఏ ఐటమో ఆయన ఇంకా అడగలేదు. నేనూ చెప్పలేదు.