దూరం చాలలేదట!

శాఖాధిపతి గారికి నమస్కారం.

కొండప్రాంత సంస్కృతి కోర్సుకి పార్ట్‌టైం లెక్చరర్‌ ఇంటర్వ్యూలో, "అక్కడే పుట్టి పెరిగారు కదమ్మా, కాస్త దూరం నుంచి చూడలేరు" అని నన్ను పంపించేశారు. కొండని క్యాలెండర్‌లో మాత్రమే చూసిన మీ మేనల్లుడిని తీసుకున్నారు. దూరమంటే అదీ!

ఆయన క్లాసుకి ముందు మా గుమ్మంలో ప్రత్యక్షమవుతున్నారు. "అక్కా, మీవాళ్ళు పెళ్ళిళ్ళెలా చేస్తారు?" అని అడిగి, టీ తాగి, రాసుకుని పోతున్నారు. ఒళ్ళు మండినా, పిల్లలకి తప్పు చెబుతారేమోనని చెబుతున్నాను.

సోమవారం క్లాసంతటినీ మా ఇంటికే తీసుకొస్తారట, మమ్మల్ని చూపించడానికి. ఒక్క సందేహం: పిల్లలు అడిగితే నేను నోరు విప్పొచ్చా, ఊరికే కనబడితే చాలా?

ఇట్లు,
తమరి పాఠం