బూసాన్‌లో మూసిన కిటికీ

సాకేత్‌లో అద్దె ఇల్లు, ఆదివారం రాత్రి

కొరియా నుంచి తెచ్చిన ఎండుచేపలు ఇవాళ వేయించాను. పై అంతస్తులో ఉండే ఓనర్ ఆంటీకి ఈ వాసన పడదు. ఇల్లు ఖాళీ చేయమంటుందని భయం. అందుకే ఎప్పటిలాగే ముందు కిటికీలు మూశాను.

ఈ అలవాటు ఎంత ముదిరిందంటే, అక్కడ బూసాన్‌లో సముద్రం పక్కన నేను దిగిన ఇంటి పెద్దావిడ చేపలు వేయిస్తుంటే నేనే లేచి కిటికీ మూసేశాను. నాకు చలేస్తోందనుకుని ఆవిడ దుప్పటి తెచ్చి భుజాల మీద కప్పింది. ఏమని చెప్పను? చెమటలు పడుతున్నా కప్పుకునే తిన్నాను.

ఇవాళ తింటుంటే ఆ దుప్పటి గుర్తొచ్చింది. లేచి కిటికీ తీసేశాను. పైనుంచి ఆంటీ, "క్యా బనా రహీ హో, బేటా?" అని హిందీలో, ఏం వండుతున్నావని అడిగింది.

"మఛ్లీ, ఆంటీ" అన్నాను, చేపలని దాచకుండా, మొదటిసారి.

పైన కిటికీ మూసిన చప్పుడు వినిపించింది. ఖాళీ చేయమని మాత్రం అనలేదు, ఇప్పటివరకైతే...