కాకి రెక్కలు

అమ్మా, ఇక్కడ అందరం కులాసా, కంగారు పడకు. ఈ ఊరొచ్చాక మాట మానేసిన మా చంటిది మొన్న నోరు విప్పింది! బడిలో వేషాల పోటీ ఉందంటే పాత గొడుగు గుడ్డతో దానికి కాకి రెక్కలు కుట్టాను, అట్టముక్కతో ముక్కు చేశాను. అవి తొడగ్గానే "అమ్మా, ఎగరనా?" అంది. ఇక ఆగకుండా వాగుడే. కానీ నిన్న ఉతుకుదామని పిన్నీసు తీయబోతే నా చేయి పట్టుకుని, "తీయకమ్మా, మళ్ళీ మాటలు పోతాయి" అంది. బలవంతం చేయబుద్ధి కాక ఇవాళ బడికి రెక్కలతోనే పంపాను.

నాన్నగారి మోకాలి నొప్పి తగ్గిందా? ఆయనకు నా నమస్కారాలు, చెల్లికి ముద్దులు. ఒక రెక్క అప్పుడే చిరుగుతోంది. ఇంట్లో నల్లగుడ్డ ఏదున్నా కార్డు అందగానే పంపు.

నీ పెద్దమ్మాయి