ఈడ దేవుళ్ళుంటారు

ఫిబ్రవరి 3, సోమవారం

నాకేమీ అర్థం కావడం లేదు. అందుకే రాస్తున్నాను. సిమెంట్ కంపెనీ వాళ్ళు కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ ఇది, ఇన్నాళ్ళూ పాల లెక్క కూడా రాయలేదు.

ఉదయం వార్డు సచివాలయం నుంచి జాషువా వచ్చాడు. మంచివాడే. మా అత్తకు పెన్షన్ ఇంటికి తెచ్చిచ్చేదీ అతనే. ఈసారి తెచ్చింది పెన్షన్ కాదు, ఎర్ర నోటీసు. ఏళ్ళ తరబడి ఇంటిపన్ను బాకీ ఉందంట, వడ్డీతో సహా కట్టాలంట, కట్టకపోతే జప్తు అంట.

నాకు ఒళ్ళు మండింది. బీకాం చదివినదాన్ని, ప్రతి ఏడూ టైముకు కడుతున్నాను. రశీదులన్నీ తెచ్చి అతని ముందు పరిచాను. ఇవి ఇంటికి కట్టినవి అక్కా, నేనడిగేది షెడ్డుకు అన్నాడు. మరి షెడ్డుకు ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదప్పా అంటే, లెక్కల్లో అది గుడి అని ఉన్నింది, గుడికి పన్ను ల్యా గదా, కొత్త సర్వేలో కార్ఖానా అని తేలింది అన్నాడు.

గుడా? మా షెడ్డా? మేం రాళ్ళు చెక్కేవాళ్ళం. ఆళ్ళగడ్డలో యాడ చూసినా ఇలాంటి షెడ్లే.

లోపల్నుంచి మా అత్త సుబ్బలక్ష్మమ్మ నవ్వు వినిపించింది. ఎప్పుడో ఈ ఊరు పంచాయతీగా ఉన్నప్పుడు కొలతలకొచ్చిన మనిషి, ఈ షెడ్డులో ఏముందప్పా అని అడిగాడంట. మా మామ ఆదినారాయణాచారి సుత్తి కింద పెట్టకుండానే, ఈడ దేవుళ్ళుంటారు నాయనా అన్నాడంట. అయితే గుడా అని ఆయన అడిగితే, మామ తలూపి, చూపించిన చోట సంతకం పెట్టాడంట. చనిపోయేదాకా ఆ ముచ్చట చెప్పి నవ్వుకునేవాడంట.

నవ్వింది ఆయన. కట్టేది నేను.

ఫిబ్రవరి 4

ఎంత కట్టాలో ఇక్కడ రాయను. రాస్తే నిజమైపోతుందని భయం.

ఫిబ్రవరి 6, గురువారం

షెడ్డంతా తిరిగి చూశాను, అమ్మడానికి ఏమైనా ఉందా అని. చెయ్యి విరిగిన వినాయకుడు, సగం చెక్కిన నంది, ఎవరూ తీసుకుపోని ద్వారపాలకుడొకడు. పూర్తయింది పెద్దమ్మ ఒక్కతే. నల్లరాయి, కూర్చున్న విగ్రహం. నందికొట్కూరు పక్క పల్లె వాళ్ళు చేయించుకుంటున్నారు. ప్రతిష్ఠ ఈ నెల ఇరవై మూడున. వాళ్ళ పెద్దమనిషి గురవయ్య అడ్వాన్స్ ఎప్పుడో ఇచ్చాడు. అది కొంత రాయికి, కొంత మా అత్త కంటి ఆపరేషన్‌కు అయిపోయింది. మిగతాది విగ్రహం తీసుకుపోయేటప్పుడు ఇస్తారు.

పెద్దమ్మ ముఖానికి పసుపు గుడ్డ కట్టి ఉంది. దాని కింద కళ్ళు లేవు, నున్నటి రాయి ఉంది. కన్ను ఇక్కడ తెరవకూడదు. ప్రతిష్ఠ రోజు వాళ్ళ ఊళ్ళోనే మా ఆయన బంగారు సూదితో గీత గీసి, ఉలితో తెరుస్తాడు. ఎదురుగా అద్దం పెడతారు. మొదటి చూపు అద్దం మీద, తర్వాత ఆవు మీద, తర్వాత ఊరి మీద పడాలి. అందాకా అది రాయే. మేం చెప్పులేసుకునే దాని చుట్టూ తిరుగుతాం. వేసుకోకపోతే కుదరదు, నేలంతా రాతి పెచ్చులు.

ఫిబ్రవరి 9, ఆదివారం

నంద్యాల వెళ్ళొచ్చాను. ఈయన అక్కడ ఒక గుడి మండపం పనిలో ఉన్నాడు. ఫోన్ చేస్తే ఎత్తడు, కటింగ్ మిషన్ మోతలో వినిపించదంట. నాకు తెలిసి మిషన్ ఆపేసినా వినిపించదు.

విషయం చెప్పాను. ప్రభాకర్ అని పేరే గానీ ఈ మనిషికి సూర్యుడిలో ఉన్న వేడి ఒక్క రవ్వ లేదు. నోటీసు ముందుకూ వెనక్కూ తిప్పి చూశాడు. మేస్త్రీని కూలి డబ్బులు అడిగాడు, శివరాత్రి దాటినాకే దుడ్లు అన్నాడంట. చివరికి నాతో అన్నది ఒకటే. ఏమన్నా చేసుకో భానూ, అమ్మ మొఖం మీది గుడ్డ మాత్రం తీయద్దు.

బస్సులో నాకు పిచ్చెక్కినంత పనైంది. రాళ్ళయితే పన్ను కట్టాలి. దేవుళ్ళయితే పన్ను లేదు. కానీ దేవుళ్ళయితే మేం అమ్ముకునేది ఎట్లా? ఇన్నేళ్ళుగా మేం రాళ్ళమ్మి తింటున్నామా, దేవుళ్ళనమ్మి తింటున్నామా? పక్క సీటులో ఒకామె యాగంటి పోయి వస్తున్నట్టుంది, నుదుటి నిండా విభూది. ఆమెను అడుగుదామనుకున్నాను. బాగుండదని ఊరుకున్నాను.

ఫిబ్రవరి 13, గురువారం

పదకొండింటికి జాషువా, ఇద్దరు మనుషులు, ఒక ట్రాక్టరు. జప్తు వారెంట్ తెచ్చాడు. మొహం చిన్నబుచ్చుకుని, నన్ను తిట్టుకోవద్దక్కా, పైనుంచి ఒత్తిడి, మార్చి లోపల వసూలు చేయల్ల అన్నాడు. తిట్టుకోనా మరి, హారతివ్వనా అన్నాను.

షెడ్డులోకి వచ్చారు. ఉలులు, మిషన్లు ముట్టుకోకూడదంట, అవి చేతిపని పనిముట్లంట. వినాయకుడిని, నందిని చూసి, ఇవి పనికి రావు అన్నాడు. ఇక మిగిలింది ఎవరో నాకు అప్పటికే తెలుసు. ఆమె ఆ ట్రాక్టరెక్కితే ప్రతిష్ఠ లేదు, మాకు రావలసిన మిగతా డబ్బు లేదు, ఆచారి ఇంటి పేరు ఉండదు.

జాషువా పెద్దమ్మ ముందు ఆగాడు. నేను చర్చికి పోయేవాణ్ణక్కా, మీ పద్ధతులు నాకు తెలీవు, నువ్వే చెప్పు అన్నాడు. ఇది రాయా, దేవతా? రాయి అయితే ఎత్తుతాం. పూజలో ఉండే దేవత అయితే మా సారు ముట్టుకోవద్దన్నాడు, నాకూ ముట్టుకోబుద్ధి కాదు.

కళ్ళు తెరిచేసినాం అన్నాను.

నోట్లోంచి వచ్చేసింది. ఆలోచించలేదు, దేవుడి మీద ఒట్టు. ఏ దేవుడి మీద వేయాలో కూడా తెలియడం లేదు.

వెంటనే వెనకాల టప్‌మని చప్పుడు. మా అత్త టెంకాయ కొట్టింది. ఎప్పుడు తెచ్చిందో, కర్పూరం కూడా వెలిగించి, అమ్మా తల్లీ అంటూ గంట వాయిస్తోంది. జాషువా రెండడుగులు వెనక్కు వేశాడు. గడప బయటికి పోయి బూట్లు విప్పి, మళ్ళీ వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సారుతో చెప్తానక్కా అని ట్రాక్టరు తీసుకుపోయాడు.

వాళ్ళు పోయాక నవ్వొచ్చింది నాకు. అత్తా, భలే నాటకమాడితివే అన్నాను. ఆమె నవ్వలేదు. నాటకమేందే, నువ్వే గదా తెరిచినాం అంటివి, అన్నాక అయిపోయె, అమ్మ వినింటాది అంది. షెడ్డులోకి చెప్పులేసుకుని రాకు అని కూడా అంది.

ఫిబ్రవరి 14

పొద్దున పెద్దమ్మకు నైవేద్యం. బెల్లమన్నం. నంద్యాల పోయేదాకా ఆమె మోకాలి మీద ఈయన టీ గ్లాసు పెట్టుకునేవాడు.

ఫిబ్రవరి 15

కాలికి పెచ్చు గుచ్చుకుంది. రక్తం. చెప్పులు వేసుకోబోయి, విడిచేశాను. ఎందుకు?

ఫిబ్రవరి 17, సోమవారం

ఊరి నోరు మూయడానికి మూకుడు లేదు. వీధిలో వాళ్ళు కుంకుమ, పూలు పట్టుకుని వస్తున్నారు. ఒకామె మొక్కుకుని ముడుపు కూడా కట్టింది. వద్దని ఎట్లా చెప్పను? చెప్తే జాషువా చెవిన పడదా?

జాషువా గడప బయటే నిలబడి మాట్లాడిపోయాడు. గుడి అయితే గుడి అని రాసియ్యల్లంటక్కా, ఈడ అమ్మకాలు లేవని కూడా రాయల్లంట, గురువారం వస్తా. అమ్మకాలు లేవని రాసిస్తే మేమేం తినాలి? రాసివ్వకపోతే ట్రాక్టరు.

మధ్యాహ్నం గురవయ్య ఫోన్. కళ్ళు తెరిచినారంట గదా తల్లీ, నిజమేనా? గొంతులో కోపం లేదు. అదే భయమేసింది. గురువారం వస్తాండాం, వచ్చి మాట్లాడతాం అన్నాడు.

ఇద్దరూ గురువారమే. ఒకడికి రాయి అని చెప్పాలి, ఒకడికి దేవత అని చెప్పాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

సాయంత్రం ఈయనే ఫోన్ చేశాడు. తనంతట తాను చేయడం నాకు గుర్తున్నంతలో ఇదే మొదటిసారి. నంద్యాలలో కూడా తెలిసిపోయిందంట. ఎవరు తెరిచినారు అన్నాడు. ఎవరూ తెరవలేదు, అబద్ధం చెప్పాను అన్నాను. మిషన్ మోత మాత్రం వినిపించింది. వస్తాండా అని పెట్టేశాడు.

ఫిబ్రవరి 20, గురువారం

అన్నీ వరసగా రాస్తాను. రాస్తేనన్నా అర్థమవుతుందేమో.

ఈయన నిన్ననే వచ్చాడు. నన్ను ఏమీ అనలేదు. పొద్దున్నుంచి ఉలులకు సాన పడుతూ కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది.

జాషువా ముందు వచ్చాడు, ట్రాక్టరుతో. బూట్లు విప్పి లోపలికొచ్చి కాగితం చేతికిచ్చాడు. సంతకం పెట్టబోయేలోపల గురవయ్య బండి దిగాడు, ఇంకో ఇద్దరు ఊరివాళ్ళతో. పెద్దాయన, తెల్ల పంచె, చేతికర్ర. కూర్చోమంటే కూర్చోలేదు. నీళ్ళిస్తే తాగలేదు.

మా అమ్మ కండ్లు ఈడ తెరిచినారంట, ముందు ఎవర్ని చూసింది అని అడిగాడు.

ఆయనే అన్నాడు, మెల్లగా. ఆ సూపు మా ఊరిది తల్లీ. ఈడనే చూసేసినాక ఆమె ఈ ఊరి అమ్మే. మాకొద్దు. మా దుడ్లు మాకియ్యండి, మేం వేరేతావ చూసుకుంటాం.

ఆ దుడ్లు ఎక్కడివి? సగం రాయిలో ఉన్నాయి, సగం మా అత్త కంట్లో ఉన్నాయి.

జాషువా నన్నే చూస్తున్నాడు. గురవయ్య నన్నే చూస్తున్నాడు. ఈయన ఉలి ఆపాడు గానీ తలెత్తలేదు. ఈయన తలెత్తి ఏదో ఒకటి చెప్తాడని చూశాను. చెప్పడు. నా నోటితో కట్టిన ముడి, నేనే విప్పాలి.

అబద్ధం చెప్పినా పెద్దాయనా అన్నాను. తెరవల్యా. పన్ను బాకీకి ఎత్తుకుపోతారని భయపడి అట్లన్నా. గుడ్డ తీయమని ఈయన్ని అడిగాను. లేచి వచ్చి, ముడి విప్పాడు. గురవయ్య దగ్గరికొచ్చి బొటనవేలితో కళ్ళ చోటును తడిమాడు. నున్నటి రాయి. మళ్ళీ మళ్ళీ తడిమాడు. కండ్లు ల్యావు అన్నాడు, తన మనుషులతో.

అయితే రాయేనా అక్కా అన్నాడు జాషువా. అడగడం ఇష్టం లేనట్టే అడిగాడు.

రాయే అన్నాను.

వెనకాల మా అత్త ఒక చప్పుడు చేసింది. ఏడుపు కాదు. కడుపులో ఎవరో గుద్దితే వస్తుందే, అట్లాంటిది.

ట్రాక్టరు మనుషులు తాడు విప్పుతున్నారు. ఎవరు మీరు, యాడికి ఎత్తుతాండారు అని గురవయ్య అడిగాడు. జాషువా వారెంట్ చూపించి అంతా చెప్పాడు, ఆదినారాయణాచారి తలూపిన దగ్గర్నుంచి. గురవయ్య కర్ర నేలకేసి కొట్టాడు. మా పెద్దమ్మ మీ ఆఫీసు గోడౌన్లో పడుండల్లనా? ఎంత కట్టల్ల?

విన్నది అబద్ధమైతే అమ్మను తీసుకుపోదామని, మాకు ఇవ్వాల్సిన మిగతా డబ్బు కూడా సంచిలో తెచ్చాడు. అది తీసి జాషువా చేతిలో పెట్టాడు, నా చేతిలో కాదు. జాషువా మిషన్ నొక్కితే రశీదు వచ్చింది. మిగిలింది ఈయన బస్సు చార్జీలకు సరిపోతుంది. ఏడు నెలల పని.

అప్పులేదు, జప్తు లేదు, విగ్రహం వాళ్ళ ఊరికి పోతుంది. నేను ఊపిరి పీల్చుకుని, పెద్దాయనా, మీరు మమ్మల్ని కాపాడినారు అన్నాను. ఆయన మర్యాదగానే చెప్పాడు. మీ మామ నోటి మాట మీద మా నాయన కాలం నుంచి దుడ్లిచ్చినాం, రాత కోత ల్యాకుండా. ఈ పొద్దు మీ చేతికియ్యబుద్ధి కాల్యా తల్లీ.

ఈయన అప్పుడు తలెత్తాడు. నా వైపు కాదు, గోడ మీద మామ ఫోటో వైపు. మా మామ చెప్పిందీ అబద్ధమే కదా అని అరవాలనిపించింది. అబద్ధమేనా? ఆయన నిజంగా అట్లే అనుకుని చెప్పాడేమో. నేను అనుకోకుండా చెప్పాను. తేడా అంతేనేమో. నోరు మంచిదైతే ఊరు మంచిది అని ఊరికే అనలేదు.

గడ్డి పరిచి, తాళ్ళు కట్టి, వాళ్ళ బండికి ఎక్కించారు. రాయే కాబట్టి పడుకోబెట్టి తీసుకుపోవచ్చు. మా అత్త బండి వెనకాల వీధి చివరిదాకా నడిచింది. తిరిగొచ్చి నాతో ఒకే మాట అంది. వారం దినాలు బువ్వ పెట్టి, రాయంటివే.

ఫిబ్రవరి 21

అత్త మాట్లాడడం లేదు.

ఫిబ్రవరి 23, ఆదివారం, సాయంత్రం

ఈయన ఆ ఊరి నుంచి ఫోన్ చేశాడు. కన్ను తెరిచాడంట. అద్దం పెట్టారంట, ఆవును నిలబెట్టారంట, ఊరంతా గోలగోలంట. బాగా చూసిందా అని అడిగాను. ఏం ప్రశ్నో అది. చూసింది అన్నాడు.

తర్వాత చెప్పాడు. ఆ గుడికి ద్వారపాలకుల పని కూడా ఉందంట. వేరేవాళ్ళకు ఇచ్చారంట.

మార్చి 5, బుధవారం

జాషువా కొలతలకు వచ్చాడు. టేపు ఒక కొస నేను పట్టుకున్నాను. పెద్దమ్మ ఉన్న చోటు దగ్గరికి వచ్చేసరికి అతను దాన్ని తొక్కకుండా పక్కనుంచి పోయాడు. నేనూ అంతే. ఈడ ఏముంటాయని రాయల్లక్కా అన్నాడు. రాళ్ళు అన్నాను. రాసుకున్నాడు.

అతను పోయేటప్పుడు చూశాను. గడప బయట అతని బూట్లు, పక్కనే నా చెప్పులు.