గోడ మీది గుట్టలు

భేస్తాన్, సూరత్
మే 2021

లచ్చవ్వ వదినకు,

రాజేశం అన్న మా గది గోడ మీద వేసిన మీ ఊరి గుట్టల ఫోటో పంపమన్నావు. ఫోన్‌లో చెప్పడానికి నోరు రాక రాస్తున్నాను.

కరోనాతో అన్న పోయాక నన్ను పద్నాలుగు రోజులు వేరేచోట ఉంచారు. నిన్న వచ్చి తలుపు తీస్తే గోడంతా తెలుపు. జబ్బు భయంతో గది యజమాని సున్నం కొట్టించాడట.

మిల్లులో బట్టల మీద అద్దగా మిగిలిన రంగులతో వేశాడు వదినా. ముందు గుట్ట ముదురు పచ్చ, వెనకది నీలం, చివరిది పొగలాగా. "దూరమున్నట్టు ఎట్ల కొడ్తున్నవే అన్నా?" అని అడిగాను. "ఏమున్నదిరా, జర తెల్లరంగు కలిపితే గుట్ట ఎన్కకు పోతది" అన్నాడు.

పొద్దున కిటికీ తెరిచాక తెలిసింది, ఒక్క పూతే కొట్టారు. వెనక గుట్టలు రెండూ లేవు. ముందు గుట్ట మాత్రం సున్నం కింద పొగలాగా కనబడుతోంది.

ఫోటో తీశాను. రెండో పూత వెయ్యనివ్వను. గుట్ట యాడికీ పోలేదు, జర ఎన్కకు పోయిందని పిల్లలకు చెప్పు.

నీ మరిదిలాంటివాడు